ఎముకల ఆకలి

పోయిన వారం నాకు కిటికీ పక్క మంచం ఇచ్చారు.

డయాలసిస్ గదిలో అందరి కన్నూ ఆ మంచం మీదే. దాని మీద పడుకుంటే పోర్టు క్రేన్లు కనిపిస్తాయి. వాటి వెనక కొండ, కొండకీ క్రేన్లకీ మధ్య సముద్రం ఒక చిన్న ముక్క. ఒంట్లో రక్తమంతా గొట్టాల్లోంచి మిషన్లోకి వెళ్లి శుభ్రపడి తిరిగొచ్చేదాకా చెయ్యి కదపకుండా పడి ఉండేవాళ్లకి ఆ ముక్క చాలా పెద్దది. అయినా ఆ మంచం ఖాళీ అవ్వాలని ఎవరూ కోరుకోరు. అది ఎలా ఖాళీ అవుతుందో అందరికీ తెలుసు.

నర్సు కొత్త దుప్పటి పరిచి, ఇక నుంచి మీరిక్కడే మేడమ్ అంటే నేను వెంటనే ఎక్కలేకపోయాను. రెండేళ్లకి పైగా ఆ మంచం మీద ఆవిడ, పక్క మంచం మీద నేను. ఆవిడ పోయి ఇంకా నెల కాలేదు.

పేరు రాయను. ఆ గదిలో ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. నర్సులు అమ్మా అనేవారు, నేను పిన్నమ్మా అనేదాన్ని. ఆవిడకి నేను టీచరమ్మని. గాజువాకలో ఒక చిన్న ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. మా ఆయన అచ్యుతాపురంలో ఫ్యాక్టరీ పనికి వెళ్తాడు. నాకు బీపీ ఉందని తెలిసేసరికే కిడ్నీలు రెండూ పాడయ్యాయి. ఆవిడకి ఎందుకు పాడయ్యాయో డాక్టర్లు గట్టిగా చెప్పలేకపోయారు. ఒళ్లునొప్పులకి ఏళ్ల తరబడి మందుల షాపులో కొనుక్కుని మింగిన మాత్రల వల్ల కావచ్చన్నారు. చేపల గంప నెత్తిన పెట్టుకుని మల్కాపురం వీధులూ స్టీల్‌ప్లాంటు క్వార్టర్లూ తిరిగిన మనిషికి ఒళ్లునొప్పులు లేకుండా ఎలా ఉంటాయి?

గంప దించేసి చాలాకాలమైనా నడక మాత్రం మారలేదు. మెడ నిటారుగా, చూపు ఎదరకి. ఒక చెయ్యి అప్పుడప్పుడూ లేని గంపని సర్దుకోవడానికన్నట్టు పైకి లేచేది. ఆస్పత్రి వరండాలో అలా నడిచొస్తుంటే జనం తమకి తెలియకుండానే పక్కకి తప్పుకునేవారు. ముక్కుకి రెండు వైపులా పుడకలు, నుదుట రూపాయి బిళ్లంత బొట్టు, చేతిలో స్టీలు ఫ్లాస్కు. మేమందరం ఎవరో ఒకరి భుజం పట్టుకుని వచ్చేవాళ్లం. ఆవిడ ఒక్కతే వచ్చేది, ఒక్కతే వెళ్లేది.

ఆ ఫ్లాస్కులో ఉండేది ఐసు. మాకు కడుపు నిండా నీళ్లు తాగే యోగం లేదు. తాగిన నీళ్లు బయటికి పోయే దారి లేక కాళ్లలోనూ ఊపిరితిత్తుల్లోనూ చేరతాయి. అందుకని జబ్బుని మరిచిపోయిన రోజున కూడా దాహాన్ని మరిచిపోలేం. ఆవిడ కాచి చల్లార్చిన నీళ్లని ఇంటి యజమానుల ఫ్రిజ్‌లో గడ్డకట్టించి, గుడ్డలో చుట్టి, రోకలితో కొట్టి తెచ్చేది. ఏళ్లకేళ్లు చేపల కోసం ఐసు కొట్టిన చెయ్యి కదా, ముక్కలన్నీ ఒకేలా ఉండేవి. మిషన్ ఎక్కే ముందు గదంతా తిరిగి తలా ఒక ముక్క పెట్టేది.

"నమలకు. నాలిక కింద ఎట్టుకో. అది కరిగీవరకూ నీకు దాహం లేదనుకో" అనేది.

సూదులు గుచ్చే టెక్నీషియన్ నరం దొరక్క అటూ ఇటూ వెతుకుతుంటే, గేలం వేసినట్టు ఒక్కసారే వెయ్యమనీ, లోపలికెళ్లాక వెతుక్కోవద్దనీ చెప్పేది. అతను నవ్వేవాడు. ఆవిడ నవ్వేది కాదు. కిటికీ వైపు తిరిగి, గాలి ఎటు వీస్తోందో, ఏ బోట్లు ఈ పూట తిరిగొస్తాయో తనలో తనే అనుకునేది. ఎవరైనా వింటున్నారా లేదా అన్న పట్టింపు ఉండేది కాదు.

నెలకోసారి రక్తం తీసి పరీక్షలకి పంపేవారు. ఆ కాగితాలొచ్చిన రోజు గదిలో పరీక్షా ఫలితాల రోజు మా బడి ఎలా ఉంటుందో అలా ఉండేది. పొటాషియం ఎంత, ఫాస్ఫరస్ ఎంత, కాల్షియం ఎంత అని ఒకర్నొకరు అడుక్కునేవాళ్లం. మంచి కిడ్నీలు ఉన్నవాళ్లు ఈ పేర్లు ఎప్పుడో బడిలో చదివి మరిచిపోయి ఉంటారు. మాకు అవి ఇంట్లో మనుషుల పేర్ల కన్నా ఎక్కువ. తిండిలోంచి వచ్చిన పొటాషియం ఒంట్లోనే ఉండిపోతే ఉన్నట్టుండి గుండె ఆగిపోవచ్చు. ఫాస్ఫరస్ అంత తొందరపడదు. నెమ్మదిగా పేరుకుని చర్మాన్ని దురదతో తినేస్తుంది, ఎముకల్ని బోలు చేస్తుంది. ఆవిడకి పొటాషియం అల్లుడు, ఫాస్ఫరస్ తోడికోడలు. అల్లుడు చెప్పకుండా వస్తాడు గానీ వచ్చినట్టు తెలుస్తుంది, తోడికోడలు ఇంట్లోనే ఉండి ఏం చేస్తోందో తెలియనివ్వదు అనేది. తన మాటకి గదంతా నవ్వుతుంటే తను మాత్రం ఆ కాగితాన్ని మడిచి జాకెట్లో పెట్టుకునేది.

ఆవిణ్ణి బాధించింది ఈ తోడికోడలే. ఎప్పుడు పరీక్ష చేసినా ఫాస్ఫరస్ ఎక్కువగానే వచ్చేది. అన్నంలో మొదటి ముద్దతో పాటు నమిలి మింగమని పెద్ద పెద్ద మాత్రలిచ్చారు. అవి సున్నంలా ఉంటాయి. మింగినా దురద తగ్గేది కాదు. ఆవిడ దగ్గర ఒక పాత చెక్క దువ్వెన ఉండేది. దానికి పాత చీర పీలిక చుట్టి కాళ్ల మీదా మోచేతుల మీదా గీరుకునేది. మిషన్ల చప్పుడు వెనక ఆ గీరుడు చప్పుడు రెండేళ్లూ విన్నాను. వీపు అందనప్పుడు ఏమీ అనకుండా నా వైపుకి దువ్వెన చాపేది. మా మంచాలు దగ్గర దగ్గరగా ఉండేవి. సూదులు లేని చేత్తో అందుకుని నేను ఆవిడ వీపు గీరేదాన్ని. అలాంటప్పుడు ఆవిడ కళ్లు మూసుకునేది. ఆ వీపు మీద మనిషి చెయ్యి పడి ఎన్నాళ్లైందో అనిపించేది.

ఆహారం గురించి చెప్పే అమ్మాయి ఒకర్తి అప్పుడప్పుడూ వచ్చేది. కొబ్బరినీళ్లు వద్దు, అరటిపండు వద్దు, పాలు వద్దు, ఎండుచేపలు అసలే వద్దు, నెత్తళ్లలాంటి ముల్లుతో సహా నమిలే చిన్న చేపలు వద్దు, వాటిలో ఫాస్ఫరస్ ఎక్కువ అంది. పిన్నమ్మ బాధ చూడలేకో ఏమో, మాంసకృత్తులు కూడా కావాలి కదా, పెద్ద చేపది ఒక్క ముక్క అప్పుడప్పుడూ తినొచ్చని చెప్పింది.

"ఒక్క ముక్కేటమ్మా" అంది పిన్నమ్మ. "కొలిసి తింతే అది సేప కాదు, మందు. మందులు నాకు సాలానే ఉన్నాయి."

ఆ ఒక్క ముక్క కూడా ముట్టలేదు. మధ్యస్థంగా ఉండడం ఆవిడకి రాదు. కానీ నేను పక్క మంచం మీద సర్దుకుంటుంటే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే, నిన్న ఇంట్లో ఏం వండావని. మా ఆయన కోసం వంజరం పులుసు పెట్టానని చెబితే, చింతపండు ఎప్పుడు వేశాను, మూత పెట్టానా, గరిటె పెట్టి కలిపానా, గిన్నె పట్టుకుని తిప్పానా అని ఒక్కొక్కటీ అడిగేది. తప్పు పట్టడానికి కాదు. వింటూ వింటూ గొంతు ఒకసారి కదిలేది, మింగినట్టు.

తన ఇంటి సంగతి మాత్రం ఎత్తేది కాదు. మొగుడు ఎప్పుడో కామెర్లతో పోయాడని, అయినా తను బొట్టు తియ్యలేదని మాత్రం తెలుసు. ఒకరోజు డయాలసిస్ అయ్యాక బీపీ పడిపోయి గోడ పట్టుకుని నిలబడింది. ఇంటి దాకా దిగబెడతామని నేనూ మా ఆయనా ఆటోలో ఎక్కించుకున్నాం. ఇల్లు ఆస్పత్రి వెనక సందులోనే. మేడ మెట్ల కింద ఒకే ఒక్క గది. ఒక స్టవ్వు, ఒక కంచం, ఒక గ్లాసు. గిన్నెలో తరిగిన బీరకాయ ముక్కలు నీళ్లలో నానుతున్నాయి. పొటాషియం పోవడానికి మేమంతా కూరగాయల్ని అలాగే నానబెట్టి, ఉడకబెట్టి, ఆ నీళ్లు పారబోసి వండుకోవాలి. "ఉన్నదంతా తూములో పోసీసి పిప్పి తింతన్నాం" అంది, మంచం మీద కూర్చోబెడుతుంటే. గుమ్మం ఎదురుగా గోడ. కిటికీ లేదు. దండెం మీద ఒక్క చీరే ఆరుతోంది.

వచ్చేటప్పుడు, నీకెవరూ లేరా పిన్నమ్మా అని అడిగాను. నాకేటి, సుకంగా ఉన్నాను అంది. అడిగిన దానికి అది జవాబు కాదని ఇంటికొచ్చాక తట్టింది.

ఆ తర్వాత రెండో చలికాలం వచ్చేసరికి ఆవిడ పొట్టిదైపోయింది. ఇది నా భ్రమ అనుకున్నాను గానీ నిజంగానే ఎత్తు తగ్గింది. మెట్లు ఎక్కేటప్పుడు తొడలు పట్టుకుని ఎక్కేది. మెడ మాత్రం నిటారుగానే ఉంచేది. ఒకరోజు ఆవిడ మంచం ఖాళీగా ఉంది. నర్సుని అడిగితే చెయ్యి విరిగింది, పైన వార్డులో ఉంది అంది. పడలేదట. నీళ్ల బిందె పక్కకి జరుపుతుంటే పుటుక్కున చప్పుడైందట.

నా డయాలసిస్ అయ్యాక పైకి వెళ్లాను. ఆవిడ నిద్రపోతోంది. పక్కన ముప్పై ఏళ్ల అమ్మాయి కూర్చుని ఆవిడ పాదాల దురద చోట కొబ్బరినూనె రాస్తోంది. ఎవరని అడిగితే కోడల్నని చెప్పింది. కొడుకు బోటు మీద వేటకి వెళ్తాడు, తను హార్బర్లో వేలంలో చేపలు కొని అమ్ముతుంది, ఇల్లు సముద్రపొడ్డునే ఉంది, నిండుగా మనుషులున్నారు. మరి ఆవిడ ఆ మెట్ల కింద గదిలో ఎందుకుంది? నేను అడక్కుండానే ఆ అమ్మాయి వరండాలోకి తీసుకొచ్చి చెప్పింది.

"అత్తకి ఈ జబ్బని తెలిసాక ఇంట్లో సేప వొండడం మానీసాం అక్కా. ఆవిడ తినకూడనిది ఆవిడ ఎదరగా ఎలగ తింతాం? పప్పూ సారూ అంతే. మా ఇంటాయన బోటు దిగి అక్కడే ఎవులి దగ్గరో తినీసి, ఇసకతోటీ నిమ్మకాయతోటీ సేతులు రుద్దుకుని ఇంటికొచ్చీవోడు. ఒకరోజు కుళాయి కాడ అలగ రుద్దుకుంతంతే అత్త సూసీసింది."

పిన్నమ్మ వారం తిరక్కుండా, ఆటోలో అంత దూరం వస్తుంటే ఒళ్లు కుదేస్తోంది, ఆస్పత్రి దగ్గర్లో గది తీసుకుంటానంది. వాళ్లు నమ్మారు. సామాను ఆటోలో పెట్టాక వెనక్కి తిరిగి, ఈ రాత్రికి సందువ చేపలు తెచ్చి పులుసు పెట్టమని కోడలికి చెప్పి వెళ్లిందట. అప్పటిదాకా అసలు ఎందుకు వెళ్తోందో వాళ్లకి అర్థం కాలేదు. అర్థమయ్యాక వెళ్లి పిలిచినా రాలేదు. కొడుకు గది గుమ్మంలో కూర్చుని ఏడ్చినా రాలేదు.

తర్వాత నేను కదిపితే ఆవిడ తన వైపు నుంచి ఒక్క మాటే చెప్పింది. "సముద్రం మీద బతికీవోడు సేప వాసన దాసుకోడమేటి టీచరమ్మా. దొంగతనం సేసినట్టు. నాను ఇంట్లో ఉంతే ఆడు దొంగయిపోతన్నాడు."

విరిగిన చేతికి ఎక్స్‌రే తీసిన డాక్టరు మెడకి స్కానింగు రాశాడు. గొంతు పక్కన బఠాణీ గింజల్లాంటి గ్రంథులుంటాయట. రక్తంలో కాల్షియం తగ్గినప్పుడు ఎముకల్లోంచి కాస్త తియ్యమని చెప్పడం వాటి పని. ఏళ్లపాటు ఫాస్ఫరస్ పెరిగి పెరిగి అవి ఉబ్బిపోయాయి. ఇక ఆపకుండా తియ్యమనే చెబుతున్నాయి. అలా తీసిన సున్నమంతా రక్తనాళాల గోడలకి పడుతోంది, గుండె కవాటాలకి పడుతోంది. ఉండాల్సిన చోట లేదు, ఉండకూడని చోట గడ్డకట్టింది. ఆపరేషన్ చేసి ఆ గ్రంథులు తీసెయ్యాలన్నారు. కొడుకు సంతకం పెట్టాడు.

ఆపరేషన్ అయిన మర్నాడు వెళ్లేసరికి ఆవిడ మెడకి కట్టు. జీవితమంతా గంప మోసిన ఆ మెడని దిండు మీద అటూ ఇటూ కదల్చడానికి భయపడుతోంది. పెదాల చుట్టూ చీమలు పాకుతున్నట్టుందని, వేళ్లు తమంతట తామే ముడుచుకుపోతున్నాయని చెప్పింది. చేతి వేళ్లు పక్షి ముక్కులా బిగుసుకుని ఉన్నాయి. నేను వాటిని విడదీసి పట్టుకున్నాను. సీసాలోంచి కాల్షియం ఒక్కో చుక్కా నరంలోకి దిగుతోంది. డాక్టరు వచ్చి, ఎముకలు ఆకలిగా ఉన్నాయమ్మా, ఇన్నాళ్లూ పోగొట్టుకున్నది ఒక్కసారిగా లాక్కుంటున్నాయి, అందుకే రక్తంలో ఏమీ మిగలడం లేదు అని చెప్పి వెళ్లాడు.

ఆవిడ పైకప్పు వైపు చూసింది. "ఇన్నాళ్లూ నాకు ఆకలనుకున్నాను" అంది. "నా ఎముకలకటమ్మా."

ఆ తర్వాత జరిగింది మేమెవరం అనుకోనిది. ఎముకలు కాల్షియంతో పాటు ఫాస్ఫరస్‌ని కూడా లాక్కోవడం మొదలుపెట్టాయి. రెండేళ్లు ఎంత తగ్గించాలన్నా తగ్గనిది ఉండవలసిన దాని కన్నా కిందికి పడిపోయింది. ఆ సున్నం మాత్రల లెక్క మార్చేశారు. పాలు తాగమన్నారు, పెరుగు తినమన్నారు. ఆహారం గురించి చెప్పే అమ్మాయి నవ్వుకుంటూ వచ్చి, కొన్నాళ్లపాటు చేపలు తినొచ్చమ్మా, ఉప్పు లేకుండా, ఎండువి కాకుండా, నెత్తళ్లు ముల్లుతో సహా తిన్నా మంచిదే అని చెప్పింది. పొటాషియం ఉన్నవి మాత్రం వద్దంది. కోడలు చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం కొడుకు బోటు దిగి తిన్నగా ఆస్పత్రికి వచ్చాడు. నల్లగా, పొడుగ్గా, తల్లిలాగే మెడ నిటారుగా ఉన్న మనిషి. అతను పట్టుకొచ్చిన నెత్తళ్లని కోడలు ఇంట్లో పులుసు పెట్టి పెద్ద గిన్నెతో తెచ్చింది. ఆ రోజు నా డయాలసిస్ అయిపోయింది. మా ఆయన రావడానికి టైముంది, నన్నూ కూర్చోమన్నారు. వార్డు వరండాలో చాప వేశారు. నా కంచంలో నాకు పడే పాటి రెండు చేపలే వేశారు. చేపల వాసన వరండా అంతా కమ్ముకుంది. ఎవరో పేషెంటు ముక్కు మూసుకుని వెళ్లాడు. కొడుకు అతని వైపు చూడను కూడా చూడలేదు. తల్లికి ఎదురుగా కూర్చుని తనే కలిపాడు, కుడిచెయ్యి కట్టుకట్టి ఉంది కదా, తనే ముద్ద పెట్టాడు. ముల్లు నలిగిన చప్పుడు నాకు వినిపించింది.

"బాగుందా అమ్మా?"

"బాగుంది. ఎయ్యి."

గిన్నె సగం ఖాళీ అయ్యేదాకా తింది. కొడుకు కూడా అదే కంచంలో తిన్నాడు. చేతులు కడుక్కోవడానికి లేచినప్పుడు కుళాయి కింద ఊరికే ఒకసారి పెట్టి తీసేశాడు, రుద్దుకోలేదు. ఆ తడి చేత్తోనే తల్లి నుదుటి మీద వెంట్రుకలు సర్దాడు. నేను చాలా రోజుల తర్వాత ఆ పూట సంతోషంగా ఇంటికెళ్లాను.

పిన్నమ్మ మెట్ల కింద గది ఖాళీ చేసి ఇంటికెళ్లిపోయింది. డయాలసిస్‌కి ఇప్పుడు కొడుకో కోడలో ఎవరో ఒకరు వెంట వచ్చేవారు. దురద తగ్గింది. నేను వీపు గీరాల్సిన పని లేకపోయింది. అయినా ఆవిడ ముందు కన్నా తక్కువ మాట్లాడేది. నిన్న ఏం వండావని అడగడం మానేసింది. ఇంట్లో దొరుకుతోంది కదా, ఇంక నన్నెందుకు అడుగుతుందని అనుకున్నాను. ఒకరోజు మిషన్ మీద ఉండగా నేనే అడిగాను, నిన్న ఏం తిన్నావు పిన్నమ్మా అని.

ఆవిడ కిటికీ వైపు నుంచి తల తిప్పలేదు.

"నాకు రుచి తెలీడం లేదు టీచరమ్మా" అంది. "ఆ రోజు వరండాలో తిన్నాను సూడు, అప్పుడే తెలిసింది. ఇసక నమిలినట్టుంది. ఏ సేపో కూడా తెలీలేదు. ఆడు సూత్తన్నాడు. తినీసాను."

జబ్బు ముదిరిన వాళ్లలో కొందరికి నాలుక మీద రుచి పోతుంది. నాకు అప్పటికి అది రాలేదు. ఆవిడ పప్పూ బీరకాయా తిన్నన్నాళ్లూ ఆ చప్పదనం తిండిదే అనుకుంది. నాలుకదని తెలుసుకునే అవకాశమే రాలేదు. మళ్లీ వస్తుందేమో, డాక్టరుకి చెబుదామన్నాను. చెప్పేనంది, కొందరికి వస్తాది కొందరికి రాదన్నారంది. పోనీ కొడుక్కి చెప్పెయ్యి, రోజూ ఎందుకు తినడం అన్నాను.

"రోజూ తెత్తన్నాడు. మంచిది ఏరి, అమ్మకి అని పక్కనెట్టి తెత్తన్నాడు. అందరూ సుట్టూ కూకుని ఒడ్డిత్తన్నారు. ఏటని సెప్పను?" మళ్లీ తనే అంది. "ఆ మెట్ల కింద గదిలో ఉన్నప్పుడే నయం. అక్కడ ఏదీ దాసక్కర్లేదు."

నేను సూదులు లేని చెయ్యి చాపి ఆవిడ మంచం పట్టీ మీద పెట్టాను. ఆవిడ చూసింది గానీ పట్టుకోలేదు. మిషన్ తన పని తాను చేసుకుంటోంది. ఆ సాయంత్రం కొడుకు వచ్చి భుజం పట్టుకుని లేపుతుంటే, ఇవాళేటి తెచ్చావురా అని అడగడం విన్నాను. కానాగంతలమ్మా అన్నాడు. బాగుంతాయి అంది. ఆ మాటలో ఎక్కడా ఏ తేడా లేదు.

ఎండాకాలం దాటకుండానే పోయింది. తెల్లారి లేచి వాకిట్లో పీట మీద కూర్చుందట, కోడలు టీ తెచ్చేసరికి గోడకి ఆనుకుని ఉందట. గుండె కవాటాలు అప్పటికే గట్టిపడిపోయాయని, గ్రంథులు తీసినా అక్కడ చేరింది కరగదని డాక్టరు తర్వాత చెప్పాడు. నాకు ఆ వార్త మామూలుగా తెలిసే పద్ధతిలోనే తెలిసింది. వెళ్లేసరికి మంచం ఖాళీగా ఉంది, నర్సు నా మొహంలోకి చూడకుండా గొట్టాలు సర్దుతోంది.

పెద్దకర్మకి మా ఆయనతో కలిసి వెళ్లాను. సముద్రపొడ్డున ఇరుకు సందు, రెండు గదుల ఇల్లు, బయట షామియానా. ఆవిడకి ఇష్టమైనవన్నీ వండారు. కోడలు నన్ను చూడగానే లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టి, నేనేం తినొచ్చో ఏం తినకూడదో నన్ను అడక్కుండానే చూసి వడ్డించింది. భోజనాలయ్యాక బయటికొచ్చి ఆటో కోసం చూస్తుంటే కొడుకు వచ్చి పక్కన నిలబడ్డాడు. గుండు చేయించుకున్నాడు. ఎండకి తల మీద తువ్వాలు వేసుకున్నాడు. అమ్మ తన గురించి ఎక్కువ మాట్లాడే మనిషి కాదనీ, మాట్లాడితే నాతోనే మాట్లాడి ఉంటుందనీ అన్నాడు.

"ఆకర్ని కొన్నాళ్లైనా కడుపునిండా సేప తిన్నాది. అదొక్కటే నాకు. మీకేటైనా సెప్పిందా?"

"చెప్పింది బాబూ. బాగుందని చెప్పింది" అన్నాను.

అతను తల ఊపాడు. కానీ వెళ్లిపోలేదు. సందు చివర సముద్రం వైపు చూస్తూ ఉన్నాడు.

"ఉప్పు లేని పులుసది" అన్నాడు. "ఒక్క రవ్వ ఉప్పు తగ్గితే మా అమ్మ కంచం పక్కకి తోసీసీది. ఇన్ని నెల్లు ఉప్పు లేకండా ఎట్టాం. ఒక్కరోజూ ఏటీ అన్లేదు."

ఇప్పుడు నన్నే చూస్తున్నాడు. ఆటో వచ్చి ఆగింది. మా ఆయన ఎక్కి నాకోసం చెయ్యి చాపాడు.

"నువ్వు తెచ్చావని తింది బాబూ" అన్నాను.

అది అబద్ధం కాదు. అతను తువ్వాలు ముందుకి లాక్కుని, నేను ఎక్కేదాకా ఆటో రేకు పట్టుకుని నిలబడ్డాడు.